జాజ్ వినడం నేర్చుకుందాం - 5వ పాఠం: జెల్లీ రోల్ మోర్టన్, ఆయన వదిలిన ఖాళీలు

పోయిన పాఠంలో ఒక పని ఇచ్చాను. ఏదైనా పాత జాజ్ రికార్డు పెట్టుకుని, తొడ మీద చేత్తో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని బీట్ వేస్తూ చివరిదాకా బార్లు (నాలుగు బీట్లకు ఒక బార్) లెక్కపెట్టమన్నాను. అంతా బాగానే సాగుతూ, ఒకచోట బ్యాండ్ మొత్తం ఉన్నట్టుండి ఆగిపోయి ఒక్క వాద్యమే వినిపించినప్పుడు మీ లెక్క చెదిరిపోయి ఉంటుంది. చెదిరితే కంగారు పడకండి, ఈ పాఠం ఆ ఖాళీ గురించే. దాన్ని బ్రేక్ అంటారు. సాధారణంగా రెండు బార్లు ఉంటుంది. బ్రేక్ లేకపోతే అది జాజే కాదని పట్టుబట్టిన మనిషి అమెరికన్ పియానిస్టు జెల్లీ రోల్ మోర్టన్. కాబట్టి దాన్ని ఆయన దగ్గరే నేర్చుకుందాం.

అసలు పేరు ఫెర్డినాండ్ జోసెఫ్ లమోత్. అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో క్రియోల్ (ఐరోపా, ఆఫ్రికా మూలాలు కలిసిన) కుటుంబంలో పుట్టాడు. తాను 1885లో పుట్టానని చెప్పుకునేవాడు, చర్చిలోని బాప్టిజం పత్రంలో మాత్రం 1890 అక్టోబర్ 20 అని ఉంది. మీసాలు సరిగా రాని వయసులోనే స్టోరీవిల్ అనే వేశ్యావాటికలో రాత్రిళ్లు పియానో వాయించడం మొదలుపెట్టాడు. పీపాల ఫ్యాక్టరీలో నైట్ డ్యూటీ అని ఇంట్లో చెప్పేవాడట. నిజం తెలిసిన రోజున ముత్తవ్వ ఇంట్లోంచి వెళ్లగొట్టింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఊరూరూ తిరిగాడు. పియానో, పూల్ (బిలియర్డ్స్ లాంటి ఆట), జూదం, స్టేజీ నాటకాలు, ఏది దొరికితే అది. ముందు పంటిలో వజ్రం పొదిగించుకున్నాడు. 1915లో ఆయన 'జెల్లీ రోల్ బ్లూస్' అచ్చయింది. జాజ్ రచనల్లో మొట్టమొదట అచ్చయిన వాటిలో అదొకటి.

బ్రేక్‌లోకి వెళ్లేముందు ఇంకో చిన్న సంగతి. జాజ్‌లో స్పానిష్ ఛాయ ఉండి తీరాలని మోర్టన్ అనేవాడు. న్యూ ఆర్లీన్స్ రేవు పట్టణం, క్యూబా దగ్గర. అక్కడి హబనేరా లయ ఈయన ఎడమచేతిలోకి వచ్చి చేరింది. పాశ్చాత్య సంగీత పుస్తకాల్లో దీని గురించి చదివినప్పుడు నాకు తలకెక్కలేదు. తర్వాత మృదంగం క్లాసులో విన్నదే కదా అని తట్టింది. ఎనిమిది మాత్రలను మూడు, మూడు, రెండుగా విడగొట్టండి: తకిట తకిట తక. అంతే. ఒక చేత్తో ఎనిమిది సమానంగా కొడుతూ, నోటితో 'తకిట తకిట తక' అంటూ, ప్రతి ముక్క మొదటి అక్షరాన్ని కాస్త గట్టిగా ఒత్తండి. పది నిమిషాలు చేశాక, 1923లో ఆయన ఒంటరిగా వాయించిన 'న్యూ ఆర్లీన్స్ జాయ్స్' వినండి. కుడిచేతి రాగం మీదికి మనసు పోనివ్వకండి. ఎడమచేతిలో ఆ ఒత్తులు వెతకండి. కొన్నిచోట్ల కుడిచేయి ఆ లయకు అంటీముట్టనట్టు జారిపోతుంది. పోనివ్వండి, మీరు ఎడమచేతితోనే ఉండండి.

అదే 1923 జులైలో, ఇండియానా రాష్ట్రం రిచ్‌మండ్‌లోని జెనెట్ స్టూడియోలో, న్యూ ఆర్లీన్స్ రిథమ్ కింగ్స్ అనే తెల్లవాళ్ల బ్యాండ్‌తో కూర్చుని రికార్డు చేశాడు. నలుపు, తెలుపు కలిసి చేసిన తొలి జాజ్ రికార్డింగుల్లో అదొకటి. ఆ కాలపు అమెరికాలో అది చిన్న విషయం కాదు.

ఇక అసలు పాఠం. ముందు నోటితో సాధన. ఒక్కో బార్‌కు ఒకసారి 'తకధిమి' అనండి. ఆరు బార్లు పైకి అనండి. ఏడు, ఎనిమిది బార్లలో నోరు మూసేయండి, చెయ్యి మాత్రం ఆగకూడదు. తొమ్మిదో బార్ మొదటి బీట్ మీద మళ్లీ అందుకోండి. మొదట్లో అందరూ ముందే వచ్చేస్తారు. నిశ్శబ్దం మనల్ని తొందరపెడుతుంది. ఫోన్‌లో మెట్రోనోమ్ (సమానంగా బీట్ కొట్టే యాప్) పెట్టుకుని, తొమ్మిదో బార్‌కు పదిసార్లు వరుసగా సరిగ్గా వచ్చేదాకా చేయండి. ఈ సాధన కాకుండా ముందుకు పోవద్దు.

అయ్యాక 'బ్లాక్ బాటమ్ స్టాంప్' పెట్టండి. 1926 సెప్టెంబర్ 15న షికాగోలో విక్టర్ కంపెనీకి 'రెడ్ హాట్ పెప్పర్స్' అనే బ్యాండ్ పేరుతో మోర్టన్ చేసిన రికార్డు ఇది. వాయించింది ఏడుగురు: కార్నెట్ (ట్రంపెట్ లాంటి బూర) జార్జ్ మిచెల్, ట్రాంబోన్ (గొట్టం జరుపుతూ వాయించే పెద్ద బూర) కిడ్ ఓరీ, క్లారినెట్ ఓమర్ సిమియన్, బాంజో (గిటార్ లాంటి తంతి వాద్యం) జానీ సెయింట్ సీర్, బేస్ జాన్ లిండ్సే, డ్రమ్స్ ఆండ్రూ హిలేర్, పియానో మోర్టన్.

వేగం బాగా ఎక్కువ. ఒక్కో బార్ సుమారు ఒక సెకను. నాలుగు బీట్లూ కొట్టబోతే చెయ్యి నొప్పి పుడుతుంది, అందుకని వేళ్ల కణుపులు వాడదాం. వేలికి మూడు కణుపులు, కొన కలిపి నాలుగు. బొటనవేలితో జరుపుకుంటూ పోతే నాలుగు వేళ్లకు పదహారు. బార్‌కు ఒక కణుపు.

మొదట ఎనిమిది బార్ల ప్రారంభం. తర్వాత పదహారు బార్ల భాగం మూడుసార్లు వస్తుంది. అంటే చెయ్యి మొత్తం మూడు చుట్లు. ఆపైన నాలుగు బార్ల వంతెన, అక్కడ శ్రుతి బి ఫ్లాట్ నుంచి ఇ ఫ్లాట్‌కు మారుతుంది. రికార్డు మొదలై నిమిషం అవుతుంటుంది అప్పటికి. ఇక్కడినుంచి జాగ్రత్త. రెండో భాగం ఇరవై బార్లు, పదహారు కాదు. నాలుగు వేళ్లూ అయ్యాక మళ్లీ చూపుడువేలు ఒకటి కలపాలి. నేను చాలాసార్లు తప్పింది ఇక్కడే. ఈ భాగం ఏడుసార్లు వస్తుంది. మొదటిసారి అందరూ కలిసి వాయిస్తారు, ఆపైన క్లారినెట్, పియానో, కార్నెట్, బాంజో ఒకరి తర్వాత ఒకరు, చివరి రెండుసార్లు మళ్లీ అందరూ.

రెండో భాగంలో ఏడో, ఎనిమిదో బార్ల దగ్గర చెవి పెట్టండి. బ్యాండ్ తప్పుకుంటుంది. మొదటిసారి ఆ రెండు బార్లను కార్నెట్, ట్రాంబోన్ చెరొకటి పంచుకుంటాయి. చివరి చుట్టుకు ముందు చుట్టులో అక్కడ సింబల్ ఒక్కటే మోగుతుంది. ఖాళీ అదే, అందులోకి వచ్చే మనిషి మారుతుంటాడు. కార్నెట్ వంతులో ఇంకో పద్ధతి వినండి: మిగతావాళ్లు పూర్తిగా ఆగరు, కొన్ని బీట్ల మీద మాత్రం కొట్టి తప్పుకుంటారు. దీన్ని స్టాప్ టైమ్ అంటారు. మోర్టన్ ఒంటరిగా వాయించే చుట్టులో ఎడమచేతిని పట్టుకోండి. ఒకసారి బేస్‌లా, ఒకసారి ట్రాంబోన్‌లా పలుకుతుంది. పియానో బ్యాండ్ మొత్తాన్ని అనుకరించాలని ఆయన నమ్మకం.

ఇదంతా అప్పటికప్పుడు పుట్టిందని అనిపిస్తుంది కానీ, మోర్టన్ రిహార్సల్స్ చేయించేవాడు. ఎవరు ఎక్కడ ఆగాలో ముందే తేల్చేవాడు. ఆ ఖాళీలో ఏం వాయించాలో మాత్రం చాలావరకు వాయించేవాడికే వదిలేసేవాడు. నిమిషానికి డెబ్భై ఎనిమిది చుట్లు తిరిగే పది అంగుళాల రికార్డులో ఒక వైపు సుమారు మూడు నిమిషాలే పడుతుంది. అంత తక్కువ జాగాలో ఇన్ని రంగులు పెట్టిన బ్యాండ్ లీడర్ ఆ కాలంలో నాకు మరొకరు కనిపించరు.

తర్వాతి జీవితం చెబుతుంటే బాధేస్తుంది. 1928లో న్యూయార్క్ వెళ్లాడు. అప్పటికే పెద్ద బ్యాండ్ల కాలం వచ్చింది, 1930 తర్వాత విక్టర్ ఒప్పందం కొనసాగలేదు. 1935లో బెన్నీ గుడ్‌మన్ బ్యాండ్ మోర్టన్ రాసిన 'కింగ్ పోర్టర్ స్టాంప్' వాయించి పెద్ద పేరు తెచ్చుకుంటుంటే, రాసినవాడు వాషింగ్టన్‌లో ఒక చిన్న మద్యం బార్‌లో పియానో దగ్గర కూర్చున్నాడు. 1938లో, జాజ్‌ను 1902లో తానే కనిపెట్టానని పత్రికలకెక్కాడు. ఆ మాటను జనం కొట్టిపారేశారు, ఆ కోపంలో ఆయన పనిని కూడా పక్కన పెట్టారు. అది అన్యాయం. అదే ఏడు జానపద సంగీత సేకర్త ఆలన్ లోమాక్స్ వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఆయన్ను పియానో ముందు కూర్చోబెట్టి, ఎనిమిది గంటలకు పైగా మాటా పాటా రికార్డు చేశాడు. అందులో, జాజ్‌కు ముందరి ర్యాగ్‌టైమ్ సంగీతం రాసిన స్కాట్ జాప్లిన్ 'మేపుల్ లీఫ్ ర్యాగ్'ను మొదట పాత పద్ధతిలో, తర్వాత తన పద్ధతిలో వాయించి చూపిస్తాడు. మూడేళ్లకు, 1941 జులై 10న, లాస్ ఏంజెలెస్‌లో పోయాడు.

ఈ వారం పని: 'బ్లాక్ బాటమ్ స్టాంప్' రోజుకు రెండుసార్లు, కణుపులతో. బ్రేక్ వచ్చిన ప్రతిచోటా ఏ చుట్టులో, ఏ బార్‌లో, ఏ వాద్యం అని కాగితం మీద రాయండి. చివరి రోజున ఆ రెండు 'మేపుల్ లీఫ్ ర్యాగ్'లు వరుసగా విని, ఎడమచేయి ఎక్కడ మారిందో రాసిపెట్టుకోండి. ఆరో పాఠంలో పియానిస్టు జేమ్స్ పి. జాన్సన్ 'కెరొలైనా షౌట్' దగ్గరికి ఆ కాగితంతోనే వెళదాం.