ఎలుకల మందు లేకుండా ఎలుకల్ని ఆపే పద్ధతి: హైదరాబాద్ ఇళ్లకు, అపార్ట్‌మెంట్లకు

జూన్‌లో మొదటి గట్టి వాన పడి కలుగుల్లోకి నీళ్లు చేరగానే పందికొక్కులు పొడి చోటు వెతుక్కుంటూ పార్కింగ్‌లోకి, వంటింట్లోకి వస్తాయి. మనలో చాలామంది వెంటనే చేసే పని కిరాణా కొట్టుకెళ్లి మందు బిళ్ల తెచ్చి మూలన పెట్టడం. ఆ బిళ్లలో సాధారణంగా ఉండేది బ్రోమడయోలోన్, 0.005 శాతం. రక్తం గడ్డకట్టకుండా చేసే మందు ఇది. తిన్న ఎలుక వెంటనే చావదు, మూడు నుంచి ఏడు రోజులు పడుతుంది. ఆ రోజుల్లో అది నీరసపడి, పట్టపగలే బయటికొచ్చి తూలుతూ తిరుగుతుంది. గుడ్లగూబకు, జెర్రిపోతుకు, ముంగిసకు, పక్కింటి పిల్లికి అంతకంటే సులువైన వేట దొరకదు. ఎలుక కాలేయంలో మిగిలిన మందు వాటి కాలేయంలోకి చేరి నెలల తరబడి ఉంటుంది. అలాంటి ఎలుకలు కొన్ని తిన్నాక ఆ గుడ్లగూబ కూడా లోపల రక్తం కారి చనిపోవచ్చు. ఏ చెట్టు కింద పడిందో ఎవరికీ తెలియదు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. న్యూజిలాండ్ లాంటి దీవుల్లో ఎలుకలు ఓడలెక్కి వచ్చిన పరాయి జంతువులు, అక్కడ పూర్తిగా లేకుండా చేయాలని చూస్తారు. మన నల్ల ఎలుక, పందికొక్కు ఈ నేలవే. వాటి మీద బతికే పాములూ పక్షులూ ఇక్కడే ఉన్నాయి. కాబట్టి మనం పెట్టుకోవాల్సిన లక్ష్యం ఊళ్లో ఎలుక లేకుండా చేయడం అనుకోకూడదు. ఇంట్లోకి రాకుండా, ఇంటి చుట్టూ పెరగకుండా చూసుకుంటే చాలు. ఆ పని విషం లేకుండానే జరుగుతుంది, పైగా ఎక్కువ కాలం నిలుస్తుంది.

ముందు వచ్చింది ఏదో తేల్చుకోండి

చిట్టెలుక బరువు 15 నుంచి 20 గ్రాములు, రెట్ట బియ్యపు గింజంత. నల్ల ఎలుక ఎక్కే జంతువు. తోక ఒంటికంటే పొడుగు. అటక, సజ్జ, కేబుల్ తీగలు, కొబ్బరిచెట్టు దాని దారులు. పందికొక్కు తవ్వే జంతువు, తోక ఒంటికంటే పొట్టి. కలుగు ముందు కొత్త మట్టి కుప్ప కనబడితే పని దానిదే. పెద్ద జాతి పందికొక్కు కిలో దాకా తూగుతుంది, మూలకు చిక్కితే వెంట్రుకలు నిక్కబొడుచుకుని గుర్రుమంటుంది.

నాలుగోది చుంచు, హైదరాబాదీ మాటలో చుచుందర్. మూతి పొడుగ్గా సూదిగా ఉంటుంది, కళ్లు గసగసాలంత, చిక్ చిక్ మంటూ గోడ వెంట పరుగెడుతుంది, కంపు కొడుతుంది. ఇది అసలు ఎలుక జాతే కాదు. బొద్దింకల్ని, పురుగుల్ని తింటుంది, వైర్లు కొరకదు. దీన్ని ఎలుక అనుకుని చంపడం నగరంలో రోజూ జరిగే పొరపాటు. బొద్దింకలు తగ్గితే, తలుపు కింద సందు మూసేస్తే అదే రావడం మానేస్తుంది.

దారి తెలుసుకోవడానికి మన ముగ్గు పిండి చాలు. రాత్రి పడుకునే ముందు సింకు కింద, ఫ్రిజ్ వెనక, గుమ్మం దగ్గర అర అడుగు వెడల్పున పల్చగా చల్లండి. బియ్యప్పిండి వాడకండి, తినేస్తాయి. రాతి ముగ్గే కావాలి. పొద్దున అడుగులు, తోక గీత ఎటునుంచి ఎటు పోయాయో కనిపిస్తుంది. రెండు మూడు రాత్రులు ఇలా చూశాకే మిగతా పని మొదలుపెట్టండి. దారి తెలియకుండా చేసిన పనంతా వృథా.

తిండీ నీళ్లూ తీసేయడం

బియ్యం, పప్పులు స్టీలు డబ్బాల్లోకి మార్చండి. ప్లాస్టిక్ డ్రమ్ము మూత అంచుని ఒక్క రాత్రిలో కొరికేస్తాయి. స్వచ్ఛ ఆటో పొద్దున వస్తుంది కదా అని రాత్రే చెత్త కవరు గేటు బయట పెట్టడం పందికొక్కుకి భోజనం వడ్డించినట్టే. మూత బిగుసుకునే డబ్బాలో ఉంచి పొద్దున ఇవ్వండి. దేవుడి గదిలో నూనె వత్తులు, ప్రసాదం రాత్రంతా వదలకండి. వెలుగుతున్న వత్తిని ఎలుక లాక్కెళితే నిప్పంటుకునే ప్రమాదం కూడా ఉంది. బట్టల సబ్బు కూడా తింటాయి, మూత ఉన్న డబ్బాలో పెట్టండి.

అపార్ట్‌మెంట్లలో పట్టించుకోని విషయం పావురాలకు వేసే జొన్నలు, గల్లీ కుక్కలకు పెట్టే అన్నం. దయతో చేసే పనే. కానీ సాయంత్రానికి మిగిలిన గింజలు, మెతుకులు ఊడ్చకపోతే అక్కడే కలుగు పడుతుంది. కుక్కలకు గిన్నెలో పెట్టి, అవి తిన్నాక గిన్నె తీసేయండి. నీళ్ల విషయానికొస్తే, నల్ల ఎలుకకీ పందికొక్కుకీ రోజూ నీళ్లు కావాలి. కారే కుళాయి, ఏసీ నీళ్లు పడే బకెట్, మూత సరిగ్గా కూర్చోని సంపు సరిచేస్తే సగం ఆకర్షణ పోతుంది. చిట్టెలుకకి మాత్రం తిండిలో ఉన్న తేమే సరిపోతుంది, కాబట్టి దానికి ఈ చిట్కా పెద్దగా పనిచేయదు.

సందులు మూయడం

డబ్బు, సమయం ఎక్కువ పెట్టాల్సింది ఈ పనికే. పెన్సిల్ దూరే సందు, అంటే 6 మిల్లీమీటర్లు, చిట్టెలుకకి చాలు. పిల్ల ఎలుకకి 12 మిల్లీమీటర్లు చాలు. అందుకని పావు అంగుళం కన్ను ఉన్న జీఐ వెల్డ్ మెష్ (జింకు పూత పూసిన ఇనుప జాలీ) తీసుకోండి, బేగంబజార్‌లోనో రాణిగంజ్‌లోనో హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది. దోమల నైలాన్ జాలీ ఎలుకని ఆపలేదు.

మొదట చూడాల్సింది సింకు కింద పైపు గోడలోకి పోయే చోటు. అక్కడ స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రబ్బర్ని గట్టిగా కుక్కి, పైన 1:3 సిమెంటు ఇసుక మాలు పెట్టండి. మామూలు ఇనుప పీచు తడికి ఆరు నెలల్లో తుప్పు పట్టి రాలిపోతుంది. ఉత్త ఫోమ్ స్ప్రే, ఉత్త థర్మకోల్ పెడితే కొరికి దారి చేసుకుంటాయి. ఏసీ పైపు రంధ్రం చుట్టూ ఫిట్టర్లు పెట్టే తెల్లటి పుట్టీ కూడా అంతే, లోపల స్క్రబ్బర్ లేకపోతే నిలవదు.

తలుపు కింద సందు 5 మిల్లీమీటర్లకు మించకూడదు. చెక్క తలుపైతే బయటివైపు కింది నుంచి అడుగు ఎత్తు దాకా రేకు కొట్టించండి, అంచులు కొరకలేవు. బాత్రూమ్ నహానీ ట్రాప్ (నేల మీది నీళ్లు పోయే గొట్టం మూతి) మీద జల్లెడ స్క్రూతో బిగించి ఉండాలి. వాడని బాత్రూముల్లో ట్రాప్‌లో నీళ్లు ఎండిపోయి డ్రైనేజీ నుంచి నేరుగా దారి తెరుచుకుంటుంది, వారానికోసారి మగ్గు నీళ్లు పోస్తుండండి. డక్ట్‌లో (అన్ని అంతస్తుల పైపులూ దిగే సందులో) పైపుల వెంట ఎక్కే నల్ల ఎలుకకి ప్రతి అంతస్తు దగ్గరా మెష్ పెట్టాలి. ఒక్క ఫ్లాట్ వాళ్లు మూసుకుంటే పక్క ఫ్లాట్ కిటికీలోంచి వస్తుంది. ఇది అసోసియేషన్ మొత్తం కలిసి చేయాల్సిన పని.

మూసే ముందు ఒక జాగ్రత్త తప్పనిసరి. వెంటిలేటర్లలో, వాడని ఎగ్జాస్ట్ రంధ్రాల్లో గోరింకలు, పిచ్చుకలు, మచ్చల చిన్న గుడ్లగూబలు, గబ్బిలాలు ఉంటాయి. రంధ్రంలో వదులుగా న్యూస్‌పేపర్ ఉండ పెట్టి రెండు రోజులు చూడండి. కాగితం కదిలితే లోపల ఏముందో టార్చితో చూశాకే నిర్ణయించండి. గూట్లో పిల్లలుంటే ఎగిరిపోయేదాకా ఆగాలి. ఎలుక పిల్లల్ని లోపల ఉంచి సీలు చేసినా గోడలో కుళ్లి వారం రోజులు వాసన భరించాలి.

చెట్టు కొమ్మలు గోడకీ, డాబాకీ మీటరు దూరంలో ఉండేలా కత్తిరించండి. కొబ్బరిచెట్టుకు నేలనుంచి రెండు మీటర్ల ఎత్తున 45 సెంటీమీటర్ల వెడల్పు రేకు పట్టీ చుడితే ఎలుక ఎక్కలేదు. అయితే ఉడుత కూడా ఎక్కలేదు. పైన ఉడుత గూడు ఉంటే ఆ చెట్టుకు పట్టీ వేయకండి.

బయట కలుగులు

ప్రహరీ పక్కన కలుగులన్నీ సాయంత్రం మట్టితోనో కాగితంతోనో మూయండి. పొద్దునకి తెరుచుకున్నవే నడుస్తున్న కలుగులు. మూసినట్టే ఉన్నవాటిని కూడా వెంటనే తవ్వకండి. పాత పందికొక్కు కలుగుల్లో జెర్రిపోతు, నాగుపాము, కప్పలు ఉంటాయి. మూతి దగ్గర కుబుసం కనిపించినా, నున్నగా జారిన గుర్తు ఉన్నా దూరంగా జరగండి. పాము ఇంటి దగ్గరగా ఉంటే పాముల్ని పట్టి కాపాడే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లకో అటవీ శాఖకో ఫోన్ చేయాలి, కర్ర తీసుకోకూడదు. కలుగులో నీళ్లు పోయడం, పొగ పెట్టడం వద్దు, ఎలుక ఇంకో దారిన పోతుంది, మిగతావి చస్తాయి.

నడుస్తున్న కలుగులో ఎలుక పట్టుబడ్డాక గాజు పెంకులు కలిపిన కంకరతో నింపి పైన మాలు వేయండి. మళ్లీ తవ్వకుండా గోడ పునాది వెంట మెష్‌ని 45 సెంటీమీటర్లు లోతుకు దించి, అడుగున బయటివైపు 30 సెంటీమీటర్లు ఎల్ ఆకారంలో వంచాలి. తవ్వుకుంటూ వచ్చిన పందికొక్కు ఆ మడత దగ్గర ఆగుతుంది.

బోనులు

సందులు మూశాక లోపల మిగిలినవాటికే బోను. మూయకుండా బోను పెడితే ఒకటి పట్టుబడిన చోట ఇంకొకటి వస్తుంది. ఎలుక మూడు వారాలకే ఈనుతుంది కాబట్టి ఆ లెక్క ఎప్పటికీ తేలదు.

చిట్టెలుకకి, నల్ల ఎలుకకి స్నాప్ ట్రాప్ (ఎర కదపగానే స్ప్రింగు కమ్మీ పడే ఉచ్చు) మంచిది. సరిగ్గా పెడితే క్షణంలో ప్రాణం పోతుంది. గోడకి అడ్డంగా, ఎర ఉన్న వైపు గోడకి తగిలేలా పెట్టాలి. చిట్టెలుకకి రెండు మూడు మీటర్లకొకటి, పెద్ద ఎలుకకి ఐదారు మీటర్లకొకటి. ఆరుబయట ఎప్పుడూ విడిగా పెట్టకండి. నాలుగంగుళాల పీవీసీ పైపు అర మీటరు ముక్కలోనో, చిన్న రంధ్రం చేసిన పెట్టెలోనో ఉంచితే పక్షులు, పిల్లులు లోపలికి రావడం కష్టం. ఉడుత దూరగలదు. దానికి విరుగుడు ఒక్కటే: చీకటి పడ్డాకే ట్రాప్ ఎక్కించి, తెల్లారేసరికి దించేయడం. ఉడుత రాత్రి తిరగదు.

నల్ల ఎలుకకీ పందికొక్కుకీ కొత్త వస్తువంటే అనుమానం. మొదటి రోజే పట్టుబడలేదని బోను జరిపేవాళ్లు మళ్లీ మొదటికొస్తారు. మూడు నాలుగు రాత్రులు ట్రాప్ ఎక్కించకుండా ఎర మాత్రం పెట్టండి, తినడం అలవాటయ్యాక ఎక్కించండి. చిట్టెలుకకి ఇంత ఓపిక అక్కర్లేదు, అది కొత్తదాన్ని వెతుక్కుంటూ వస్తుంది. ఎర శనగ గింజంత చాలు: వేయించిన పల్లీలు బెల్లంతో నూరిన ముద్ద, లేదా దారంతో కట్టిన ఎండు కొబ్బరి ముక్క. పెద్ద ముక్క పెడితే అంచు కొరుక్కుని తప్పించుకుంటుంది. ఎండు చేప వద్దు, చుంచు, పిల్లి, ముంగిస వచ్చేస్తాయి.

పందికొక్కుకి స్నాప్ ట్రాప్ సరిపోదు, గాయపడి పారిపోతుంది. అడుగున్నర పొడవున్న ఇనుప బోను కావాలి. రాత్రి పదకొండుకి ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి తప్పకుండా చూడండి. చుంచు పడితే కొన్ని గంటలు తిండి లేకపోయినా చచ్చిపోతుంది, చూసిన వెంటనే వదిలేయాలి. పట్టిన పందికొక్కుని కేబీఆర్ పార్కు గోడ దగ్గరో, ఉస్మాన్‌సాగర్ కట్ట మీదో వదిలి రావడం దయ అనిపిస్తుంది గానీ, తెలియని చోట అది బతకడం కష్టం, బతికితే రోగాలు మోసుకెళుతుంది. ముందే సందులన్నీ మూసి ఉంటే, మీ ప్రహరీ బయటే వదిలినా లోపలికి రాలేదు. నీళ్లలో ముంచి చంపడం మాత్రం ఎవరూ చేయకూడని పని.

చచ్చిన ఎలుకను గ్లౌజులతో, రెండు కవర్లలో తీయండి. రెట్టల్ని పొడిగా ఊడ్చకండి. లీటరు నీళ్లలో 15 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలిపి చల్లి, పది నిమిషాలాగి తుడవండి. ఎలుక మూత్రంతో లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది, కాళ్ల మీద పుండుతో వాన నీళ్లలో నడిచేవాళ్లకి ఇంకా ప్రమాదం.

కొనకూడనివి

జిగురు అట్టలు. ఎలుక గంటల తరబడి, కొన్నిసార్లు రోజంతా బతికే ఉండి చస్తుంది. దానికంటే ముందు బల్లి, తొండ, చుంచు, పిచ్చుక అంటుకుంటాయి. ఏదైనా బతికున్న ప్రాణి అంటుకుంటే లాగకండి, వంటనూనె కొద్దికొద్దిగా రాస్తూ విడదీయండి.

ఎల్లో ఫాస్ఫరస్ పేస్టు. మనుషులు పొరపాటున తింటే కాలేయం చెడిపోతుంది, దీనికి విరుగుడు మందు లేదు. పిల్లలున్న ఇంట్లో ఇది ఉండనే కూడదు. జింక్ ఫాస్ఫైడ్ కలిపిన గింజలు తోటలో చల్లితే ఎలుక కంటే ముందు తినేది పావురం, నెమలి. మీ పెంపుడు కుక్క మందు బిళ్ల తిన్నట్టు అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా ప్యాకెట్ తీసుకుని పశువైద్యుడి దగ్గరికి వెళ్లండి, బ్రోమడయోలోన్‌కి విటమిన్ కె1 పనిచేస్తుంది.

అల్ట్రాసౌండ్ మెషీన్లకి, కలరా ఉండలకి ఎలుకలు కొద్ది రోజుల్లో అలవాటు పడతాయి.

గుడ్లగూబకు చోటు

తెల్లటి గుండె ఆకారపు ముఖమున్న గుడ్లగూబ నగరంలో పాత భవనాల అంచుల్లో, ఏసీ గూళ్లలో గుడ్లు పెడుతుంది. అరుపు భయపెడుతుంది నిజమే, అశుభమన్న నమ్మకమూ ఉంది. కానీ పిల్లలున్న జంట ఒక రాత్రి పట్టే ఎలుకలు మీ బోన్లు వారంలో పట్టవు. దాన్ని, జెర్రిపోతుని, ముంగిసని చంపడం 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద నేరం. ఖాళీ స్థలం ఉన్న కాలనీ అయితే 60×40 సెంటీమీటర్ల అడుగు, 45 సెంటీమీటర్ల ఎత్తు, 15 సెంటీమీటర్ల చదరపు ద్వారం ఉన్న చెక్క పెట్టెని ఐదు మీటర్ల ఎత్తున, ఎండ నేరుగా పడని వైపు బిగించవచ్చు. చుట్టుపక్కల ఎవరూ మందు పెట్టడం లేదని తెలిశాకే పెట్టండి, లేకపోతే దాన్ని చావుకి పిలిచినట్టే.

అంతా అయ్యాక ముగ్గు మళ్లీ చల్లండి. వరుసగా పది రాత్రులు అడుగు పడకపోతే బోన్లు కడిగి ఎత్తిపెట్టవచ్చు. పదకొండో రాత్రి పడితే, ఆ గీత వచ్చిన మూల దగ్గరే ఇంకా ఒక సందు మిగిలి ఉంది.