జత కుదరని ర్యామ్‌లను కలపడం

మా అమ్మాయి డెస్క్‌టాప్‌లో 2400 వేగంతో నడిచే 8 జీబీ ర్యామ్ ఉండేది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో 3200 వేగమున్న 4 జీబీ ర్యామ్ చవకగా దొరికితే తెచ్చి జత చేశాను.

ముందుగా ర్యామ్ ఏ తరానిదో చూసుకోండి. డీడీఆర్3, డీడీఆర్4 కలవవు. ర్యామ్ అంచున ఉండే గాటు వేరే చోట ఉంటుంది, బలవంతం చేస్తే స్లాటు విరుగుతుంది.

ప్లగ్ తీసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి, క్యాబినెట్ ఇనుమును తాకి పని మొదలుపెట్టండి. నాలుగు స్లాట్లుంటే చాలా బోర్డులలో ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి. టక్కుమనేదాకా నొక్కండి. సగమే దిగిన ర్యామ్ వల్ల తెర నల్లగా ఉంటే, నేను గంటసేపు మదర్‌బోర్డును తిట్టుకున్నాను!

ఇక వేగమంటారా, జోడెడ్లలో మందకొడి ఎద్దుదే నడక: రెండూ 2400 దగ్గరే నడుస్తాయి. సైజులు వేరైనా చాలా బోర్డులు 4 జీబీకి 4 జీబీ జతచేసి డ్యూయల్ ఛానెల్‌లో, అంటే రెండింటినీ ఒకేసారి వాడుతూ నడిపి, మిగిలిన 4 జీబీని ఒంటిగా వాడతాయి.

బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగులలో) ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌ఎంపీని ఆపి, ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామ్‌ను రాత్రంతా నడపండి. ఒక్క తప్పు కనిపించినా వదిలేయకండి, ర్యామ్‌లను విడివిడిగా పరీక్షించండి. విడిగా బాగుండి జతగా తప్పితే, వేగం 2133కు తగ్గించి చూడండి.