డీవీడీ ప్లేయర్ పెట్టె మీద రాసే మాటలు

అప్‌స్కేలింగ్ అని కనిపించగానే డీవీడీ కాస్తా బ్లూరే (ఇంకా స్పష్టమైన బొమ్మ ఉండే డిస్క్) అయిపోతుందనుకోకండి. డీవీడీలో ఉండేది 480 లేదా 576 గీతల బొమ్మే. ప్లేయర్ దాన్ని 1080కి సాగదీస్తుంది, అంతే. లేని వివరాలు ఎక్కణ్ణుంచి తెస్తుంది?

రీజియన్ కోడ్ (డిస్క్ ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే గుర్తు) మాత్రం కొనేముందే చూసుకోండి. డిస్క్ కవర్ వెనక భూగోళం బొమ్మలో ఉన్న అంకె ప్లేయర్ అంకెతో కలవాలి. బ్లూరేకైతే ఏ, బీ, సీ అక్షరాలు.

ఇక బొమ్మ వస్తూ మాట రాకపోతే టీవీ పాడైందని టెన్షన్ పడొద్దు (నేను ఓసారి వైర్లన్నీ పీకి మళ్లీ పెట్టాను). ఆడియో సెట్టింగ్‌లో 'బిట్‌స్ట్రీమ్' ఉంటే 'పీసీఎం'కి మార్చి చూడండి. బిట్‌స్ట్రీమ్ అంటే డిస్క్‌లో కుదించి మూటకట్టిన శబ్దాన్ని విప్పకుండా అలాగే టీవీకి పంపడం. డీటీఎస్ (శబ్దాన్ని కుదించే ఒక పద్ధతి) లాంటి మూటను అన్ని టీవీలూ విప్పలేవు. పీసీఎం పెడితే ఆ పని ప్లేయర్ మీద పడుతుంది.