కట్టెల లోడు దించుకునే ముందు తూకం, తడి సరిచూసుకోవడం ఎలా?

పెళ్ళి గాడిపొయ్యికైనా, హోటల్ వంటకైనా, హాస్టల్ మెస్‌కైనా కట్టెలు కొనేవాళ్ళు అడితిలో గంటసేపు బేరమాడతారు. తీరా లోడు గుమ్మం ముందుకొచ్చాక దానికేసి ఓ చూపు చూసి డబ్బులిచ్చేస్తారు. క్వింటాల్‌కు పాతిక రూపాయలు తగ్గించుకున్న సంబరం తూకంలో పోతుంది. తూకంలో మిగిలింది తడిలో పోతుంది.

కావలసినవి: ఒక గొడ్డలి, కొలత టేపు, పిన్నుల తేమ మీటర్, ఫోన్, కాటా దాకా బండి వెంట వెళ్ళే మనిషి. మీటర్ లేకపోతే కిందచెప్పిన పద్ధతి ఉంది. మనిషి లేకపోతే మాత్రం మీరే వెళ్ళండి.

1. బేరం కిలో లెక్కనే

"ట్రాక్టర్ లోడు ఇంత" అనే మాటకు ఒప్పుకోవద్దు. పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న ట్రక్కులో 120 ఘనపుటడుగుల చోటుంటుంది. అందులో కట్టె ఎంత, గాలి ఎంత అన్నది పేర్చినవాడి చేతిలో ఉంది. చీల్చిన నిటారు పేళ్ళను దగ్గర దగ్గరగా పేరిస్తే మూడింట రెండు వంతులు కట్టె ఉంటుంది. వంకర కొమ్మలైతే సగం దాటడం కష్టం. అంచుల వెంట పొందిగ్గా పేర్చి, నడుమ అడ్డదిడ్డంగా పడేసి గుల్ల వదిలితే పైనుంచి ఎవరికీ కనపడదు. అమెరికాలో ఉండేవాళ్ళది ఇంకో తంటా. అక్కడ కార్డ్ అంటే పేర్చిన కట్టె 128 ఘనపుటడుగులు (4×4×8), ఫేస్ కార్డ్ అంటే సాధారణంగా అందులో మూడో వంతు. రెండిటికీ తేడా అడక్కుండా ధర మాట్లాడితే తేడా మీ జేబులోంచే పోతుంది.

ఇక ఏ కట్టె? ఒకే ఎండులో ఉంటే కిలో తుమ్మయినా, కిలో మామిడయినా ఇచ్చే వేడి దాదాపు ఒకటే. అందుకని తూకానికి కొనేటప్పుడు "ఇది అసలు తుమ్మండీ" అని ఎక్కువ అడిగితే ఇవ్వనక్కర్లేదు. అయినా పెళ్ళివంటకు సరుగుడే తీసుకోండి. నిటారుగా ఉంటుంది, గొడ్డలి దెబ్బకు తేలిగ్గా చీలుతుంది. మామిడి, సుబాబుల్ తేలిక కర్రలు, పొయ్యి దగ్గర ఒక మనిషి ఎగదోస్తూనే ఉండాలి. సర్కారు తుమ్మ బాగా మండుతుంది గానీ వంకరలు, ముళ్ళు.

ముక్క పొడవు అడుగున్నర, లావు నాలుగంగుళాలకు మించకూడదు. వేరు మొద్దులు వద్దని ముందే చెప్పండి, వాటికంటిన మట్టి కూడా కట్టె ధరకే వస్తుంది. చివరగా, తడి ఎక్కువుంటే తరుగు తీస్తామని, బాగా పచ్చిదైతే లోడు వెనక్కి పంపుతామని ఫోన్‌లోనే చెప్పండి. ఈ మాట లోడొచ్చాక చెబితే గొడవ, ముందే చెబితే బేరం.

2. కాటా

మీ ఇంటికి దగ్గర్లోని వే బ్రిడ్జి (తెలంగాణలో ధర్మకాంటా) మీరే చెప్పండి. అడితి పక్కనున్నది కాదు. బండి ఎక్కకముందు తెర మీద సున్నా ఉండాలి. చక్రాలన్నీ ఒకేసారి ప్లాట్‌ఫాం మీద ఉండాలి, ట్రాక్టరైతే ఇంజనూ ట్రక్కూ రెండూ. డ్రైవరుతో సహా అందరూ దిగాలి. ఇద్దరు హమాలీలు, ఒక డ్రైవరు లోపల కూర్చుంటే క్వింటాలున్నర దాకా మనుషుల్నే కొన్నట్టు.

లోడు తూకం అయ్యాక సరుకు దించుకుని, అదే రోజు అదే కాటా మీద ఖాళీ బండి తూయించండి. ఖాళీ బరువు ముందే తీశామని పాత చీటీ చూపిస్తే ఒప్పుకోవద్దు. దించిన తర్వాతే తూయించాలి, అప్పుడు ట్రక్కులో మిగిలిపోయిన కట్టె కూడా లెక్కలోకి రాదు. పట్టా, తాళ్ళు, స్టెప్నీ, నీళ్ళ డబ్బా రెండు తూకాల్లోనూ ఉండాలి. డీజిల్ కూడా చూడండి: 50 లీటర్లంటే 40 కిలోలకు పైనే. చీటీ మీద బండి నంబరు, రెండు తూకాల తేదీ, సమయం చూసి ఫోటో తీసుకోండి. ఖాళీ బరువు పక్కన సమయం లేకుంటే దాన్ని చేత్తో టైపు చేశారేమో అడగండి.

రెండు మూడు క్వింటాళ్ళే కొంటుంటే చిన్న ప్లాట్‌ఫాం కాటా చాలు. అది నిజం చెబుతోందో లేదో తెలియాలంటే సీలు తీయని ఇంటి గ్యాస్ సిలిండర్ పెట్టండి. సిలిండర్ మీద ముద్రించిన ఖాళీ బరువుకు 14.2 కిలోలు కలిపితే రావలసిన అంకె అదే.

3. తడి: అందరూ వదిలేసేది ఇదే

ధాన్యం కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే ఏమవుతుందో ప్రతి రైతుకూ తెలుసు. అదే రైతు ఇంట్లో పెళ్ళికి కట్టెలు కొనేటప్పుడు తేమ మాటే ఎత్తడు. అప్పుడే కొట్టిన కట్టె బరువులో దాదాపు సగం నీళ్ళుండవచ్చు. లెక్క చూడండి: 45 శాతం నీళ్ళున్న వెయ్యి కిలోల పచ్చికట్టెలో అసలు కర్ర 550 కిలోలు. 20 శాతానికి ఎండితే మొత్తం బరువు 688 కిలోలకు దిగుతుంది. కాటా చీటీలో ఒక్క తప్పూ లేకుండానే 312 కిలోల నీళ్ళు కొన్నారన్నమాట. ఆ నీళ్ళు ఊరికే పోవు కూడా. కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 540 కిలో కేలరీల వేడి పొయ్యిలోంచే పోతుంది, పైగా కళ్ళు మండించే పొగ.

నమూనా తీయడంలోనే అందరూ బోల్తా పడతారు. పైవరసలో, వెనక తలుపు దగ్గర ఎండుకట్టె ఉండడం మామూలే, చెయ్యందేది అక్కడికే కాబట్టి. అందుకే లోడు సగం దిగేదాకా మాట ఖాయం చేయొద్దు. పైనుంచి రెండు, నడుమ నుంచి రెండు, అడుగు నుంచి రెండు ముక్కలు తీయండి. అన్నీ లావుపాటివే. సన్నపుల్లలు త్వరగా ఎండుతాయి, వాటిని కొలిస్తే మిమ్మల్ని మీరే మోసం చేసుకున్నట్టు.

ప్రతి ముక్కనూ అక్కడికక్కడే గొడ్డలితో చీల్చి, కొత్తగా బయటపడ్డ ముఖం మధ్యలో మీటర్ పిన్నులు కర్ర పొడవు వెంట గుచ్చండి. బెరడు మీద వద్దు, కోసిన చివర అసలే వద్దు. చివర్లు ముందు ఎండుతాయి, లోపల పచ్చిగా ఉన్నా అక్కడ తక్కువ చూపిస్తుంది. వానకు తడిసిన లోడుకు దీనికి వ్యతిరేకం: బెరడు నీరు కారుతున్నా లోపల బాగా ఎండి ఉండవచ్చు. అలాంటి లోడును వెనక్కి పంపడం తెలివితక్కువ. రెండు రోజులు గాలికి ఆరనిచ్చి తూయించండి.

ఇక్కడ ఇంకో చిక్కుంది. కట్టె మీటర్లు సాధారణంగా నీటి బరువును ఎండుకర్ర బరువుతో పోల్చి చూపిస్తాయి, మొత్తం బరువుతో కాదు. మీటర్ 25 చూపితే పై లెక్కలో అది 20 శాతం. ఇది తెలియక "25 ఉంది, తీసేయ్" అని మంచి సరుకు పోగొట్టుకునేవాళ్ళున్నారు. ధాన్యం మీటర్ తెచ్చి కట్టెలో పెట్టేవాళ్ళతో వాదించడం నా వల్ల కాదు.

ఆరు అంకెల సగటు 25 లోపుంటే నిండు ధర. 25 నుంచి 30 దాకా అయితే తరుగు: 125ను (100 + మీటర్ అంకె)తో భాగించి, వచ్చినదాన్ని నికర బరువుతో గుణించండి. మీటర్ 30 అంటే 125/130, క్వింటాల్‌కు సుమారు 4 కిలోల తరుగు. 30 దాటాక ఆ అంకెను నమ్మొద్దు. తడి ఎక్కువైనకొద్దీ ఈ మీటర్లు దారి తప్పుతాయి.

మీటర్ లేనివాళ్ళు, అంకె 30 దాటినవాళ్ళు ముక్క నడిమి నుంచి సన్నటి చీలికలు 200 గ్రాములు తూచి, 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు తగ్గడం ఆగేదాకా ఉంచండి. 140 గ్రాములు మిగిలితే మొత్తం బరువులో నీరు 30 శాతం. అప్పుడు 70ను (ఈ కట్టెలో నూటికి అసలు కర్ర) 80తో (20 శాతం నీరున్న కట్టెలో ఉండేది) భాగించాలి, అంటే 2,000 కిలోల లోడుకు 1,750 కిలోల డబ్బే ఇవ్వాలి. రెండు కట్టెలు ఒకదానికొకటి కొట్టి వినమంటారు చాలామంది. ఎండుది ఖణేల్‌మంటుంది, పచ్చిది దబ్బుమంటుంది, నిజమే. మరీ పచ్చిదాన్ని పట్టుకోవడానికి పనికొస్తుంది, తరుగు లెక్కకు పనికిరాదు. చివర్లలో పగుళ్ళు చూడమనేది కూడా అంతే.

తరుగు తీసినంత మాత్రాన పచ్చికట్టె మండదు. ఎండబెట్టుకునే చోటూ, రెండు మూడు నెలల వ్యవధీ ఉన్న హోటళ్ళకే తరుగు బేరం. ఎల్లుండి పెళ్ళి పెట్టుకున్నవాళ్ళు మీటర్ మీద 30 దాటిన లోడును సగం ధరకిచ్చినా దించుకోవద్దు.

4. డబ్బు

ఖాళీ బండి చీటీ చేతికొచ్చాకే బాకీ ఇవ్వండి. తరుగు ఎంత తీశారో చీటీ వెనక రాసి డ్రైవరు చేత సంతకం పెట్టించండి. లేకపోతే రేపు అడితి నుంచి ఫోనొస్తుంది. కాటా మీదే అనుమానముంటే తూనికలు కొలతల శాఖ ముద్ర తేదీ చూపమనండి. వే బ్రిడ్జికి ఏడాదికోసారి తనిఖీ తప్పనిసరి. చూపకపోతే ఆ శాఖ జిల్లా కార్యాలయంలోనో, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కో ఫిర్యాదు చేయవచ్చు. చీటీ ఫోటో దగ్గరుంచుకోండి, మొదట అడిగేది అదే.