పాత ఆటలకు తెర ఎంచుకోవడం – 3వ పాఠం: డబ్బా టీవీయా, ఎల్‌ఈడీనా?

పోయిన పాఠంలో మీ గేమ్ పెట్టె వెనక ఉన్న పిన్నులు చూసి, అది ఏ రకం సిగ్నల్ పంపుతుందో కాగితం మీద రాసుకోమన్నాను. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, ఈ రోజు దానితోనే పని.

"పాత టీవీ మంచిదా, కొత్తది మంచిదా?" అని చాలామంది అడుగుతారు. దానికి జవాబు లేదు. "నా ఆట ఎన్ని గీతల బొమ్మ పంపుతోంది?" అని అడిగితే మాత్రం జవాబు ఉంది. 1983లో జపాన్‌లో వచ్చిన నింటెండో ఫామికామ్ బొమ్మ 256 చుక్కల వెడల్పు, 240 చుక్కల ఎత్తు. వేసవి సెలవుల్లో మనం మారియో, కాంట్రా ఆడిన చవక పెట్టెలు దాని నకళ్లే. సెగా మెగాడ్రైవ్ మామూలుగా 320 × 224. మొదటి ప్లేస్టేషన్ ఆటలు కూడా ఎక్కువగా ఈ 240 గీతల చుట్టుపక్కలే ఉంటాయి.

ఈ 240 గీతల్లోనే కిటుకు ఉంది. డబ్బా టీవీలో ఒక కిరణం పొలం దున్నినట్టు ఎడమ నుంచి కుడికి గీత వెంట గీత గీసుకుంటూ కిందికి దిగుతుంది. టీవీ కార్యక్రమాలప్పుడు సాలు విడిచి సాలు దున్నుతుంది: మొదటిసారి బేసి గీతలు, రెండోసారి సరి గీతలు. రెండూ కలిస్తే ఒక పూర్తి బొమ్మ. పాత గేమ్ పెట్టెలు మాత్రం ప్రతిసారీ అవే సాళ్లలో దున్నిస్తాయి. మధ్య సాళ్లు బీడుగా, నల్లగా ఉండిపోతాయి. దగ్గరికెళ్లి చూస్తే కనిపించే ఆ సన్నటి నల్లగీతల్నే స్కాన్‌లైన్లు అంటారు.

డబ్బా టీవీ ఇదంతా ప్రశ్నించదు, వచ్చింది వచ్చినట్టు గీసేస్తుంది. ఎల్‌ఈడీకి అలా కుదరదు. మామూలు ఏవీ తీగ పసుపు పిన్నులోంచి వచ్చిన బొమ్మను చాలా కొత్త టీవీలు "ఇది సగం బొమ్మే, మిగతా సగం వెనకాల వస్తోంది" అనుకుని రెంటినీ కలిపి అల్లబోతాయి. దెబ్బ తగిలిన హీరో ఒక ఫ్రేములో (అంటే ఒక బొమ్మలో) కనిపించి ఒక ఫ్రేము మాయమవుతూ మిణుకుమంటాడు కదా, అప్పుడు చూడండి. ఒంటి మీద దువ్వెన పళ్లలా చారలు పడతాయి. లేదా కాసేపు మనిషే కనిపించడు.

ఇంకో ఉదాహరణ. 1991లో వచ్చిన సోనిక్ మొదటి ఆటలో, పచ్చటి కొండల దగ్గర జలపాతం ఉంటుంది. నిజానికి అది నిలువు చారల బొమ్మ, ఒక చార నీళ్లు, ఒక చార ఖాళీ. పసుపు పిన్ను సిగ్నల్ పక్కపక్క చుక్కల్ని కాస్త పులిమేస్తుంది కాబట్టి డబ్బా టీవీలో ఆ చారలు కలిసిపోయి, వెనక బండ లీలగా కనిపించే నీళ్లవుతాయి. అదే ఆటను శుభ్రమైన సిగ్నల్‌తో ఎల్‌ఈడీ మీద పెడితే నీళ్లుండవు, తడిక ఉంటుంది. బొమ్మ స్పష్టంగా ఉంటేనే గొప్ప అనుకునేవాళ్లకు నేను మొదట చూపించేది ఈ తడికనే.

ఇక చేతికీ తెరకూ మధ్య ఆలస్యం. డబ్బా టీవీ సిగ్నల్ వచ్చిన క్షణాన్నే గీస్తుంది. ఎల్‌ఈడీ ముందు బొమ్మను పట్టుకుని, సాగదీసి, రంగులద్ది, అప్పుడు చూపిస్తుంది. ఈ మెరుగులు తగ్గించడానికి మెనూలో ఉండే గేమ్ మోడ్ వేయకపోతే చాలా టీవీల్లో ఇది 50 మిల్లీసెకన్లు దాటుతుంది. సెకనుకు 60 ఫ్రేముల ఆటలో అది మూడు ఫ్రేములు. మారియో గుంత అంచున ఎగరడానికి మూడు ఫ్రేములంటే చాలా ఎక్కువ. 1984 నాటి డక్ హంట్ తుపాకీ అయితే అసలు పనిచేయదు. ట్రిగ్గరు నొక్కగానే తెర నల్లబడి, బాతు ఉన్నచోట ఒక తెల్ల పెట్టె క్షణంపాటు మెరుస్తుంది. తుపాకీలోని కన్ను ఆ వెలుగును సరిగ్గా ఆ సమయంలోనే వెతుకుతుంది. ఎల్‌ఈడీ మీద వెలుగు వచ్చేసరికి కన్ను మూసుకుపోయి ఉంటుంది.

అయితే డబ్బా కదా అని కళ్లు మూసుకుని కొనేయకండి. నేనలాగే బోల్తాపడ్డాను. 29 అంగుళాల ఫ్లాట్ డబ్బా, ముందు "100 హెర్ట్జ్" అని మెరిసే స్టిక్కరు. ఇద్దరం కలిసి మూడో అంతస్తుకు మోసి, నడుం పట్టేసుకున్నాక పెట్టె తగిలిస్తే, మారియో అన్ని గుంతల్లోనూ పడుతున్నాడు. తుపాకీకి ఒక్క బాతూ రాలలేదు. 100 హెర్ట్జ్ టీవీ వచ్చిన ఫ్రేమును లోపల దాచుకుని రెట్టింపు వేగంతో మళ్లీ గీస్తుంది. అంటే గాజు పాతదే, బుద్ధి మాత్రం ఎల్‌ఈడీది. మామూలు 21 అంగుళాల సెట్టు దానికంటే నయం, ఒక్కరే ఎత్తుకోవచ్చు కూడా.

హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో, మీ ఊరి సెకండ్ హ్యాండ్ షాపులోనో డబ్బా చూడబోతే గేమ్ పెట్టె వెంట తీసుకెళ్లండి. షాపువాడు కేబుల్ కనెక్షన్ పెట్టి చూపించే బొమ్మను నమ్మొద్దు. ఆన్ చేసి పావుగంట వదిలేయండి, ట్యూబు వేడెక్కాకే బొమ్మ నిలకడకు వస్తుంది. తర్వాత తెల్లటి తెర వచ్చే చోట ఆట ఆపి మూలలు చూడండి. ఆకుపచ్చ, గులాబీ మచ్చలుంటే కంగారు పడకండి, పక్కనే స్పీకరు పెట్టి ఉంటే దాని అయస్కాంతం పని అయ్యుండొచ్చు. స్పీకరు తీసి, టీవీని కాసేపు ఆపి మళ్లీ వేయండి. అప్పటికీ పోకపోతే వదిలేయండి. స్కోరు అంకెల్ని ముక్కు ఆనించి చూడండి, తెల్ల అంకె పక్కన ఎరుపు, నీలం నీడలు విడిగా కనిపిస్తే రంగుల కిరణాల గురి తప్పిందన్నమాట. ఒక మూలలో కొద్దిగా ఉంటే నేనైతే సర్దుకుపోతాను. మధ్యలో ఉంటే వద్దు. ఛానల్ లోగో దెయ్యంలా అచ్చుపడి ఉంటే అది ఇక పోదు.

రంగుల ఆట నలుపు తెలుపులో వచ్చినా, బొమ్మ కిందికి జారిపోతున్నా టీవీ పాడైందని తేల్చకండి. మన టీవీలు పాల్ అనే సిగ్నల్ పద్ధతివి, 625 గీతలు, 50 హెర్ట్జ్. జపాన్, అమెరికా పెట్టెలు ఎన్‌టీఎస్‌సీ, 525 గీతలు, 60 హెర్ట్జ్. రెండూ తీసుకునే సెట్టు అయితే మెనూలో ఎన్‌టీఎస్‌సీ అన్న మాట ఉంటుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. వెనక మూత మీరు తీయొద్దు. ట్యూబు మీద 20 వేల వోల్టులకు పైగా ఉంటుంది, ప్లగ్గు పీకాక కూడా నిలిచి ఉండొచ్చు. అది మెకానిక్ పని.

ఇంట్లో చోటు లేక ఎల్‌ఈడీతోనే సరిపెట్టుకునేవాళ్లకు ఒక చిన్న లెక్క. తెర ఎత్తులో ఎన్ని చుక్కలున్నాయో చూసి, దాన్ని 240తో భాగించండి. 4కే టీవీకి 2160, సరిగ్గా 9 రెట్లు. ప్రతి పాత గీతకూ తొమ్మిది కొత్త గీతలు, ఆ నల్లగీతల్ని అనుకరించే స్కాన్‌లైన్ ఫిల్టరు వేసుకోవడానికీ బోలెడు చోటు. ఫుల్ హెచ్‌డీకి 1080, నాలుగున్నర రెట్లు. ఆ అర దగ్గరే చిక్కు, కొన్ని గీతలు లావుగా, కొన్ని సన్నగా వచ్చి, తెర జరిగేటప్పుడు నీళ్లలో చూసినట్టు కదులుతాయి. 4 రెట్లకే ఆపి పైనా కిందా నల్లపట్టీలు వదిలేయడం మేలు. మన ఇళ్లలో ఉన్న చాలా 32 అంగుళాల హెచ్‌డీ రెడీ టీవీలు 768, అంటే 3.2. అక్కడ 3 రెట్లు పెట్టుకోండి. బొమ్మను మాత్రం 4:3లోనే, అంటే వెడల్పు 4 పాళ్లు, ఎత్తు 3 పాళ్లుగానే ఉంచండి. పక్కలకు సాగదీసి లావుపాటి మారియోతో ఆడేవాళ్లను చూస్తే నాకు చిరాకు.

ప్లేస్టేషన్ 2 అటూ ఇటూ కాని మధ్యరకం. దాని ఆటలు ఎక్కువగా సాలు విడిచి సాలు పద్ధతివే, డబ్బాలోనే హాయిగా ఉంటాయి. 2006 నాటి ప్లేస్టేషన్ 3 దగ్గర నుంచి హెచ్‌డీఎంఐ వచ్చేసింది, ఇక ఆలోచించేదేమీ లేదు, ఎల్‌ఈడీయే. డక్ హంట్ లాంటి పాత తుపాకీ ఆటలుంటే మామూలు డబ్బా తప్ప వేరే దారి లేదు. మిగతా 240 గీతల పెట్టెలకు, గేమ్ మోడ్ ఉన్న టీవీకి ముందు పాత బొమ్మను పెంచి టీవీకి అందించే ఓఎస్‌ఎస్‌సీ, రెట్రోటింక్ లాంటి చిన్న స్కేలర్ పెట్టె పెట్టుకుంటే పని జరుగుతుంది. ఖరీదు మాత్రం ఎక్కువే, ఒక్కోసారి పాత డబ్బా ధరకు ఎన్నో రెట్లు.

ఇంటిపని: ఫోన్ కెమెరాలో 240 ఫ్రేముల స్లో మోషన్ పెట్టండి. బొటనవేలూ తెరా రెండూ కనబడేలా తీస్తూ మారియోను పదిసార్లు ఎగిరించండి. వీడియోను ఫ్రేము ఫ్రేముగా జరుపుతూ, బటన్ కిందికి దిగిన ఫ్రేము నుంచి కాళ్లు నేల వదిలిన ఫ్రేము దాకా లెక్కపెట్టండి. ఒక్కో ఫ్రేము సుమారు 4 మిల్లీసెకన్లు. ఆట కూడా కొంత సమయం తింటుంది కాబట్టి ఒక్క అంకెతో ఏమీ తెలియదు. గేమ్ మోడ్ వేసి ఒకసారి, తీసేసి ఒకసారి లెక్కపెట్టి రెండు సగటులూ ఆ కాగితం మీదే రాయండి. పక్కింట్లో డబ్బా టీవీ ఉంటే మూడో అంకె కూడా. స్కేలర్ పెట్టెను అమర్చుకునే 4వ పాఠం ఆ అంకెలతోనే మొదలవుతుంది.