సొరకాయ బుర్ర దీపం: గోడ మీద రావి ఆకు రాకపోతే

ఎండిన సొరకాయ బుర్రకు ఆకుల ఆకారంలో చిల్లులు పెట్టి లోపల లైటు వెలిగిస్తే, బుర్ర కంటే గోడ మీద పడే బొమ్మే అందం. ఎక్కువ తంటా కూడా దానితోనే.

సమస్య: చుక్కలన్నీ కలిసిపోయి గోడంతా మసక వెలుగు

చిల్లుల్ని తిట్టుకునే ముందు బల్బు చూడండి. మామూలు పాలరంగు ఎల్ఈడీ బల్బు సుమారు 6 సెం.మీ. లావు, దాని ఒళ్లంతా వెలుగే. బల్బు నుంచి చిల్లుకు 10, చిల్లు నుంచి గోడకు 40 సెం.మీ. అనుకుందాం. ఒక్కో చుక్క 6 × 40 ÷ 10, అంటే 24 సెం.మీ. మేర అలుక్కుపోతుంది. వెలిగే భాగం 5 మి.మీ. మాత్రమే ఉన్న ఒంటి చిప్ ఎల్ఈడీ పెడితే ఆ అలుకుడు 2 సెం.మీ.కి దిగుతుంది. 2 మి.మీ. చిల్లు గోడ మీద ఐదింతలై ఇంకో 1 సెం.మీ. కలుస్తుంది, మొత్తం 3. ఒక చిల్లు నడిమి నుంచి పక్క చిల్లు నడిమికి 5 మి.మీ. ఎడం ఉంటే గోడ మీద అది రెండున్నర సెం.మీ., చుక్కలు అంటుకుంటాయి. 8 మి.మీ. వదిలితే 4 సెం.మీ., విడివిడిగా నిలుస్తాయి. చిప్ చదునుగా ఉండాలి. గుండ్రటి తల ఉన్నదైతే వెలుగు ముందుకే పోతుంది. వేడి లాగడానికి వెనక అల్యూమినియం పలక, ఎల్ఈడీకి కరెంటును అదుపు చేసి ఇచ్చే సరిపడే డ్రైవర్ తప్పనిసరి. బుర్రకు చిల్లులు ఇప్పటికే పెట్టేశారా? గోడకు దగ్గరగా జరపండి. బొమ్మ చిన్నదవుతుంది గానీ తేటపడుతుంది.

సమస్య: ఆకు ఆకులా లేదు

అంచు గీత ఒక్కటే చుక్కలుగా పెట్టి ఉంటారు. ఆకును పట్టించేది ఈనెలు. నడిమి ఈనెకు 3 మి.మీ., పక్క ఈనెలకు ఒకటిన్నర మి.మీ. చిల్లులు వేయండి. రావి ఆకైతే కొస తోకను బాగా సాగదీయండి, లేదంటే తమలపాకు అనుకుంటారు. మా ఇంట్లో అనుకున్నారు.

సమస్య: అక్షరాలు తిరగబడ్డాయి

మనం బుర్రను బయటి నుంచి చూసి గీస్తాం. గోడ మీద కనబడేది లోపలి నుంచి చూసిన బొమ్మ. కాబట్టి అద్దంలో కనిపించినట్టు తిప్పి రాయాలి. నేను ‘శ్రీ’ చెక్కి, దీపావళి సాయంత్రం అందరి ముందూ వెలిగించాక గానీ తెలిసిరాలేదు.

సమస్య: డ్రిల్ పెట్టగానే పగిలింది

మొద్దుబారిన బిట్టో, చేతి ఒత్తిడో కారణం. ముందు 1 మి.మీ. బిట్, తర్వాత పెద్దది. పగులును బుర్ర పొడి, ఫెవికాల్ కలిపిన ముద్దతో పూడ్చి, ఆరాక రుద్దండి. ఆ పొడి గొంతులోకి పోతే మంట, మాస్కు పెట్టుకోండి.

సమస్య: నల్ల మచ్చలు

ఎండేటప్పుడు పైన బూజు రావడం మామూలే. తడిగుడ్డ చుట్టి నానబెట్టి, స్క్రబ్బరుతో గీకితే పోతుంది. నొక్కితే మెత్తగా ఉంటే మాత్రం కుళ్లినట్టే, పారేయండి. ఊపితే గింజలు గలగలమనాలి, అప్పుడే డ్రిల్ పట్టుకోండి.

పిల్లలు ముట్టుకునే చోటైతే 230 వోల్టుల తీగను బుర్రలోకి తేకుండా, తక్కువ వోల్టుల అడాప్టరుతో నడపండి.