స్కూల్ సైకాలజిస్ట్ కావాలంటే: ఇంటర్ నుంచి మొదటి ఉద్యోగం దాకా

ఏడో తరగతి పిల్లాడు మూడు వారాలుగా రోజూ రెండో పీరియడ్‌కి కడుపు నొప్పి అంటున్నాడు. డాక్టర్ చూసి ఏమీ లేదన్నారు. రెండో పీరియడ్ ఇంగ్లిష్. వరసగా ఒక్కొక్కరూ లేచి పైకి చదవాలి. వాడేమో అక్షరం అక్షరం కూడబలుక్కుంటే గాని చదవలేడు. ఆ నొప్పికీ ఆ పాఠానికీ ఉన్న లంకె కనిపెట్టి, టీచర్‌తోనూ ఇంట్లోవాళ్ళతోనూ మాట్లాడి, వాడికి ఊపిరాడేలా చేయడం స్కూల్ సైకాలజిస్ట్ పని. ఈ పనిలోకి రావాలనుకునేవాళ్ళ కోసం రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం తేల్చుకోండి

మన దేశంలో 'స్కూల్ సైకాలజిస్ట్' అన్న పేరుతో విడిగా లైసెన్స్ లేదు. బడుల్లో ఈ పోస్టుని ఎక్కువగా 'కౌన్సెలర్' అనే అంటారు. లోపల పని మాత్రం రెండు రకాలు. పిల్లల మాట వినడం, తరగతుల్లో సెషన్లు తీసుకోవడం, తల్లిదండ్రులతో, టీచర్లతో మాట్లాడటం ఒకటి. పరీక్షలు పెట్టి, ఇది చదువులో వెనకబాటా, లెర్నింగ్ డిజేబిలిటీయా (తెలివి ఉన్నా చదవడం, రాయడం, లెక్కలు చేయడం కష్టమయ్యే వైకల్యం) అని నిర్ధారించి, వైకల్య సర్టిఫికెట్‌కి పనికొచ్చే రిపోర్టు రాయడం రెండోది. ఈ రెండో పనికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ కావాలి. దాన్నే అందరూ ఆర్‌సీఐ అంటారు, 1992 చట్టంతో ఏర్పడిన సంస్థ. చాలామంది పీజీ అయ్యాక గాని ఈ తేడా తెలుసుకోరు. అప్పటికి రెండు మూడేళ్ళు పోతాయి.

1. ఇంటర్, డిగ్రీ

ఇంటర్‌లో ఏ గ్రూపైనా ఫర్వాలేదు. ఎంపీసీ చదివి ఇటు వచ్చినవాళ్ళూ ఉన్నారు. డిగ్రీలో మాత్రం సైకాలజీ ఒక ప్రధాన సబ్జెక్టుగా ఉండేలా చూసుకోండి. కొన్ని యూనివర్సిటీలు పీజీకి ఏ డిగ్రీ వాళ్ళనైనా తీసుకుంటాయి, కొన్ని తీసుకోవు. ఆ ఏడాది నోటిఫికేషన్ చదివితే తెలిసిపోతుంది. డిగ్రీలో స్టాటిస్టిక్స్‌ని తప్పించుకోవద్దు. రేపు ఒక పిల్లాడి స్కోరు చూసి దాని అర్థం తల్లికి చెప్పాల్సింది మీరే.

2. పీజీ

ఉస్మానియా, ఆంధ్ర, శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీల్లో సైకాలజీ విభాగాలున్నాయి. ఉస్మానియాకి సీపీగెట్, ఆంధ్రప్రదేశ్ యూనివర్సిటీలకి ఏపీ పీజీసెట్ ప్రవేశ పరీక్ష రాయాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఉద్యోగం చేసుకుంటూ దూరవిద్యలో ఎంఏ సైకాలజీ చదివినవాళ్ళు మనలో చాలామంది. 2025 జూలై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపకూడదని యూజీసీ చెప్పింది. 2021లో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ చట్టం కిందకి సైకాలజీ కూడా రావడం దీనికి కారణం. 'ఇంట్లోంచే ఎంఏ సైకాలజీ' అని ఎవరైనా ప్రకటన ఇస్తే, యూజీసీ వెబ్‌సైట్ చూడకుండా ఒక్క రూపాయి కూడా కట్టకండి.

3. దారి చీలేది ఇక్కడే

కౌన్సెలర్‌గా బడిలో పనిచేస్తే చాలనుకుంటే, పీజీ తర్వాత గైడెన్స్ అండ్ కౌన్సెలింగ్‌లో డిప్లొమా చేయండి. ఎన్‌సీఈఆర్‌టీ నడిపే ఏడాది కోర్సు మంచిది. ఆరు నెలలు ఇంటి నుంచి, మూడు నెలలు క్యాంపస్‌లో, మూడు నెలలు ఇంటర్న్‌షిప్. మనవాళ్ళకి దగ్గర్లో ఉన్న కేంద్రం మైసూరులోని రీజినల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడ్యుకేషన్. ఇప్పటికే టీచర్లుగా ఉన్నవాళ్ళకి ఇది బాగా సరిపోతుంది. తరగతి గది ఎలా ఉంటుందో వాళ్ళకి కొత్తగా చెప్పనక్కర్లేదు కదా.

పరీక్షలు పెట్టి నిర్ధారించే పని కావాలంటే క్లినికల్ లేదా రిహాబిలిటేషన్ సైకాలజీలో ఆర్‌సీఐ ఆమోదించిన కోర్సు చేయాలి. ఇన్నాళ్ళూ దీనికి రెండేళ్ళ ఎంఫిల్ ఉండేది. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్‌లో క్లినికల్, సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం నడిచే జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీలో రిహాబిలిటేషన్ ప్రసిద్ధం. యూజీసీ ఎంఫిల్ డిగ్రీలను 2022లో రద్దు చేసి, క్లినికల్ సైకాలజీకి మాత్రం 2025-26 వరకు గడువిచ్చింది. అందుకే కోర్సుల పేర్లు మారుతున్నాయి. కాలేజీ వాళ్ళ మాట నమ్మి ఊరుకోకండి. ఆ కాలేజీ, ఆ కోర్సు, ఆ సంవత్సరం, మూడూ ఆర్‌సీఐ జాబితాలో ఉన్నాయో లేదో చూసుకోండి. కోర్సు పూర్తయ్యాక ఆర్‌సీఐ రిజిస్టరులో పేరు నమోదైతే వచ్చే సీఆర్‌ఆర్ నంబరే మీ సంతకానికి విలువ తెస్తుంది.

తెలివితేటలు కొలిచే బినే-కామత్, మాలిన్ స్కేలు, లెర్నింగ్ డిజేబిలిటీని పట్టే నిమ్‌హాన్స్ బ్యాటరీ వంటి పరీక్షలు ఈ కోర్సులో చేతికొస్తాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో లెర్నింగ్ డిజేబిలిటీ ఒకటి. సర్టిఫికెట్ ఉంటే ఆ పిల్లలకి పబ్లిక్ పరీక్షల్లో అదనపు సమయం లాంటి వెసులుబాట్లు వస్తాయి. సరైన రిపోర్టు లేక అవి అందని పిల్లలు మన ఊళ్ళలో చాలామంది ఉన్నారని నా బాధ.

4. తెలుగులో వినడం నేర్చుకోండి

ఏ సిలబస్‌లోనూ లేని మెట్టు ఇది. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది కూడా.

మనం 'యాంగ్జైటీ' అని చదువుకుంటాం. పిల్లలు మాత్రం 'గుండె దడదడలాడుతోంది', 'పొద్దున్నే తల నొప్పి', 'ఏదోలా ఉంది మేడమ్' అంటారు. ఇంట్లో గొడవల గురించి అడిగితే నోరు విప్పరు. 'రాత్రి అన్నం ఎవరెవరు కలిసి తిన్నారు?' అని అడిగితే అన్నీ చెప్తారు. తల్లిదండ్రులతో డిప్రెషన్ అంటే 'మా వాడికి పిచ్చా?' అని కంగారుపడతారు. 'నెల రోజులుగా ఆటలకి వెళ్ళడం లేదు, తిండి తగ్గింది, మీరూ గమనించారా?' అంటే పక్కన కూర్చుని మాట్లాడతారు. మీరు విన్న ఇలాంటి మాటలన్నీ పేర్లు లేకుండా ఒక పుస్తకంలో రాసుకోండి.

కొత్తలో నేనొక తప్పు చేశాను. ఒక అబ్బాయిని తీసుకురమ్మని ఆయాని తరగతికి పంపాను. ఆవిడ గుమ్మంలో నిలబడి 'సైకాలజిస్ట్ మేడమ్ పిలుస్తున్నారు' అని అందరిముందూ అంది. ఆ సాయంత్రానికి వాడికో పేరు పెట్టేశారు. వాడు మళ్ళీ నా దగ్గరికి రాలేదు. అప్పటినుంచి మొదటి నెలలో ప్రతి సెక్షన్‌కీ వెళ్ళి ఒక పీరియడ్ తీసుకుంటాను, తర్వాత ప్రతి ఒక్కరినీ రోల్ నంబర్ల వరసలో ఐదేసి నిమిషాలు పిలుస్తాను. అందరూ వచ్చే గదిలోకి ఎవరు వచ్చినా వింతగా ఉండదు.

ప్రాక్టికల్స్‌కి కార్పొరేట్ స్కూల్ ఒక్కటే చూడకండి. సర్కారు బడులకు అనుబంధంగా నడిచే భవిత కేంద్రాల్లో, జిల్లా ఆసుపత్రుల్లోని సత్వర చికిత్సా కేంద్రాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లలతో కొన్ని వారాలు గడపడానికి అనుమతి అడగండి.

5. చట్టం

'ఎవరికీ చెప్పను' అని పిల్లలకి ఎప్పుడూ పూర్తి మాట ఇవ్వకండి. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టంలోని 19వ సెక్షన్ చెప్తోంది. చెప్పకపోవడం నేరం. ప్రాణాపాయం ఉన్నప్పుడూ మాట దాచకూడదు. 'నీకు ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం సాయం చేయగల పెద్దవాళ్ళకి చెప్తాను, ముందు నీకు చెప్పే చెప్తాను' అని మొదటి రోజే అనండి. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబర్లు గోడ మీద పెద్దగా రాసి ఉంచండి.

6. ఉద్యోగం

సీబీఎస్ఈ తన 2018 అఫిలియేషన్ నిబంధనల్లో కౌన్సెలర్‌ని తప్పనిసరి చేసింది. 2025 జూలైలో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ కోసం వచ్చి, హాస్టల్లో ఉంటూ చనిపోయిన 17 ఏళ్ళ అమ్మాయి తండ్రి వేసిన కేసు అది. 100 మంది, అంతకన్నా ఎక్కువ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరు ఉండాలని కోర్టు చెప్పింది. రెసిడెన్షియల్ కాలేజీలు ఇన్ని ఉన్న మన రెండు రాష్ట్రాలకే ఈ తీర్పు ఎక్కువ అవసరం. దరఖాస్తు పెట్టేటప్పుడు దీన్ని ప్రస్తావించడానికి మొహమాటపడకండి.

అమెరికాలో స్థిరపడాలనుకునే వాళ్ళకి దారి వేరు. అక్కడ ఈ వృత్తికి రాష్ట్రాలవారీగా లైసెన్స్ ఉంది. సాధారణంగా మూడేళ్ళ స్పెషలిస్ట్ స్థాయి చదువు, 1,200 గంటల ఇంటర్న్‌షిప్ కావాలి. ఇక్కడి ఎంఏ ఒక్కటే సరిపోదు.

ఇంటర్వ్యూలో జీతం గురించి ఎలాగూ మాట్లాడతారు. దాంతోపాటు మూడు విషయాలు అడగండి. టీచర్లు రానప్పుడు నన్ను సబ్‌స్టిట్యూషన్‌కి పంపిస్తారా? పిల్లల నోట్సు పెట్టుకోవడానికి తాళం ఉన్న బీరువా ఇస్తారా? పిల్లలతో మాట్లాడే గది ఎక్కడ? మూడోదానికి 'ప్రిన్సిపాల్ గదిలోనే ఒక పక్కన కూర్చోవచ్చు' అన్నారంటే, వేరే గది ఇస్తేనే చేరతానని చెప్పండి.